నేల టిక్కెట్టు నుంచి రాయితీ టిక్కెట్టు దాకా

ప్రత్యేక సంచికకు మన కాలపు సంగతి ఏదైనా వ్రాయమని సంపాదకులు కోరారు. పెద్ద విషయాల జోలికి పోకుండా సినిమా టిక్కెట్టు గురించి వ్రాస్తాను. 1978లో నేను వాణిజ్య పన్నుల శాఖలో చేరినప్పుడు వినోదపు పన్ను కూడా మన చేతిలోనే ఉండేది.

1939 నాటి చట్టం ప్రకారం ప్రేక్షకుడు చెల్లించిన టిక్కెట్టు ధర మీద పన్ను పడేది. అందుచేత టిక్కెట్లు లెక్కపెట్టడమే మా పని. చేవెళ్ల వైపు టూరింగ్ టాకీసుకు ఆట మధ్యలో వెళ్లి, నేల, బెంచి, కుర్చీ తరగతుల్లో తలలు లెక్కించి, చింపిన సగాలతో సరిచూసేవాళ్లం. కుర్చీలో కూర్చున్న ఆసామి చూసే బొమ్మనే నేల మీది కూలివాడూ చూసేవాడు. తక్కువ ధర ఎవరి దయా కాదు. హాలులో దానికంటూ ఒక చోటుండేది.

1984 సవరణతో స్లాబు పద్ధతి వచ్చింది. హాలు పూర్తిగా నిండితే ఎంత వసూలవుతుందో లెక్కకట్టి, దాని మీద పన్ను నిర్ణయించేవారు. సగం కుర్చీలు ఖాళీగా ఉన్నా పన్ను తగ్గదు. యజమానులు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లుతుందని తీర్పునిచ్చింది. మాకు తలలు లెక్కపెట్టే పని తప్పింది గాని, జనం పలచబడిన చిన్న హాలుకు అది బరువే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. తనిఖీకి వెళ్లినవాడిని మర్యాదగా బాల్కనీలో కూర్చోబెట్టేవారు. పండగకు ఇంటిల్లిపాదికీ కబురొచ్చేది. మా ఆవిడ రెండుసార్లు వచ్చి, ఆపైన రానంది. “మన పైసలతో నేలకైనా పోదాం, ఇట్ల వద్దు” అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఊరందరి టిక్కెట్లూ లెక్కపెట్టిన నేను నా టిక్కెట్టు కొననేలేదు.

ఈలోగా కాలం మారింది. 1997లో ఢిల్లీలోని సాకేత్‌లో పీవీఆర్ వారు మల్టీప్లెక్సు తెరిచారు. 2003లో మన హైదరాబాదుకు ప్రసాద్స్ వచ్చింది. 2017 జూలై 1న వినోదపు పన్ను జీఎస్టీలో కలిసిపోయింది. 2023లో పీవీఆర్, ఐనాక్స్ ఒకటయ్యాయి.

2014లో రిటైరై గండిపేటలో స్థిరపడ్డాక, ఆవిడను గచ్చిబౌలిలో ఒక హాలుకు తీసుకెళ్లాను. జేబులోంచి డబ్బు తీసి రెండు టిక్కెట్లు కొంటుంటే నా ముఖం చూసి, “ఇప్పుడు తెలిసిందా?” అంది. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ రెండు సగాలూ నా పెన్షన్ పుస్తకంలో ఉన్నాయి.

2021 డిసెంబరు ఉత్తర్వులో తెలంగాణ ప్రభుత్వం జీఎస్టీ కాక మల్టీప్లెక్సులకు కనిష్ఠం 100, గరిష్ఠం 250 రూపాయలుగా, ఏసీ థియేటర్లకు 50 నుంచి 150గా ధరలు నిర్ణయించింది. 2022 సెప్టెంబరు 23న జాతీయ సినిమా దినమని దేశంలో అనేక మల్టీప్లెక్సులు 75 రూపాయలకే టిక్కెట్టు ఇచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల లోపు టిక్కెట్టుపై జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. అంతకు మించితే 18 శాతం. పన్ను తగ్గిన ఆ టిక్కెట్టు పెద్ద హాళ్లలో ఎన్ని కుర్చీలకు దొరుకుతుందో మీరే చూడండి.

ఒకనాటి రాయితీ దయ మాత్రమే. ప్రతి ఆటలో నాలుగు వరుసలు తక్కువ ధరకు ఉంచితే అది చోటు. మన సంఘం తరఫున ఆ కోరిక వ్రాసి పంపుదామని నా మనవి. పాసులు మాత్రం అడగవద్దు.