ఒకే కప్పు క్రింద నూటయాభై ఏండ్లు: బొంబాయి క్రాఫర్డు మార్కెట్టు

బొంబాయి నగరంలో ఒకనాటి విక్టోరియా టెర్మినసు, నేటి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినసు స్టేషనులో రైలు దిగి ఉత్తర దిశగా కొద్ది నిమిషాలు నడిస్తే, నగర పోలీసు ప్రధాన కార్యాలయానికి ఎదురుగా, రెండు రాజమార్గాలు కలిసే మూలమీద రాతి కమానుల ద్వారమొకటి కనబడుతుంది. దానిపై గడియారపు గోపురం. ద్వారం మీద నాగలి, ధాన్యం, పంట చేతబట్టిన మన దేశపు రైతుల రూపాలు రాతిలో చెక్కబడి ఉన్నవి. గొప్ప భవనాల ముఖద్వారాలపై రాజుల బొమ్మలూ దొరల బొమ్మలూ చెక్కించిన ఆ కాలంలో, పంట పండించే మనిషికి పెద్దపీట వేసిన కట్టడం బహుశా ఇదొక్కటే. నగరవాసులు దీనిని నేటికీ క్రాఫర్డు మార్కెట్టు అనే పిలుస్తారు. అధికారికంగా దీని పేరు మహాత్మా జ్యోతిబా ఫూలే మండై. ఈ రెండు పేర్ల వెనుక రెండు చరిత్రలు ఉన్నవి. రెండవదానిలో తెలుగువారికి వాటా ఉన్నది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు అక్కడి ప్రత్తి అందకుండా పోయినప్పుడు, బొంబాయి రేవు మీద ధనవర్షం కురిసినది. 1865లో యుద్ధం ముగియడంతో ఆ వర్షం ఆగిపోయి ఎన్నో పేరుగల వ్యాపార గృహాలు కూలిపోయినవి. కానీ ఆ నాలుగేండ్లలో ఊరి జనాభా పెరిగినది, కోట గోడలు నేలమట్టమైనవి, కొత్త బొంబాయికి పునాదులు పడినవి. ఆ సంవత్సరమే నగరానికి మొదటి మునిసిపల్ కమిషనరుగా ఆర్థర్ క్రాఫర్డు నియమితుడైనాడు. నాటి బజార్లు ఇరుకు సందులలో, మురుగు కాలువల ప్రక్కన సాగేవి. కూరలు, చేపలు, మాంసం అన్నీ ఒకేచోట ఈగల మధ్య అమ్ముడుపోయేవి. కలరా ఏటేటా వచ్చే చుట్టమై ఉండేది. క్రాఫర్డు పశువధశాలను ఊరి బయట బాంద్రాకు తరలించినాడు. ఊరి నడుమ గాలీ వెలుతురూ పారే పెద్ద కప్పు క్రింద బజారును నిలుపదలచినాడు. భవనం 1869లో పూర్తి అయినది.

నమూనా గీసినవాడు విలియం ఎమర్సన్. తరువాత అలహాబాదులోని ఆల్ సెయింట్స్ దేవాలయానికీ, కలకత్తాలోని విక్టోరియా స్మారక మందిరానికీ రూపకల్పన చేసిన శిల్పి ఈయనే. కుర్లా గనుల లేతపసుపు రాయి, వసయి ప్రాంతపు ఎర్రరాయి కలిపి గోడలు లేపినారు. గోపురం ఎత్తు 128 అడుగులు. లోపల ఇనుప స్తంభాల మీద ఎత్తైన కప్పు, కప్పు నడుమ నుండి వెలుతురు దిగే ఏర్పాటు. నేలమీద పరచిన బండలు స్కాట్లండులోని కెయిత్‌నెస్ నుండి ఓడలలో వచ్చినవి. దక్కను పీఠభూమి నిండా రాయి ఉండగా బండలకోసం సముద్రాలు దాటడం దొరల కాలపు వింతలలో ఒకటి. అయితే ఆ బండలు తడికి జారవనీ, ఎంత నీళ్లు పోసి కడిగినా అరగవనీ ఆనాటివారు మెచ్చుకొన్నారు.

ద్వారం మీది రైతుల శిల్పాలనూ, లోపలి రాతి ఫౌంటెనునూ రూపొందించినవాడు జాన్ లాక్‌వుడ్ కిప్లింగు. ఆయన 1865లో బొంబాయి వచ్చి, మార్కెట్టుకు సమీపంలోనే ఉన్న జె.జె. కళాశాలలో శిల్పం నేర్పినాడు. ఆయన కుమారుడు రడ్యార్డ్ అదే ఏడాది చివర ఆ ఆవరణలోనే పుట్టినాడు. తరువాతి కాలంలో సామ్రాజ్యవాద రచయితగా పేరుమోసిన ఈ రడ్యార్డ్, ముసలితనంలో ఆత్మకథ రాయబూని, తన తొలి జ్ఞాపకంగా చెప్పుకొన్నది ఆయాతో కలిసి తెల్లవారుజామున బొంబాయి పండ్ల బజారుకు వెళ్లడం. ఐదేండ్ల ప్రాయంలో విడిచిపోయిన బజారు డెబ్బది ఏండ్ల వయస్సులో కూడా కండ్ల ముందు నిలిచినదన్నమాట.

క్రాఫర్డు స్వయంగా ఆ కీర్తిని ఎక్కువకాలం అనుభవించలేదు. రోడ్లు, మురుగు కాలువలు, మార్కెట్టు అంటూ లెక్కచూడక ఖర్చుపెట్టినందుకు పన్ను కట్టే పౌరులు 1871లో తిరగబడినారు. ఆ ఆందోళన ఫలితంగానే 1872 చట్టంతో బొంబాయికి ఎన్నికైన సభ్యులుగల పురపాలక సంస్థ ఏర్పడినది. 1888లో పూనాలో పెద్ద పదవిలో ఉండగా క్రింది ఉద్యోగులవద్ద డబ్బు తీసుకొన్నాడన్న ఆరోపణలపై విచారణ జరిగి, చివరకు ఆయన కొలువు కోల్పోయినాడు. మనిషి పరువు పోయినా మార్కెట్టుకు ఆయన పేరు నిలిచే ఉన్నది.

1882లో ఈ మార్కెట్టులో విద్యుద్దీపాలు వెలిగినవి. దేశంలో కరెంటు దీపాలు పెట్టిన తొలి భవనం ఇదేనని చెబుతారు. ఆ గొప్ప కొద్దిరోజులదే. దీపాల కాంట్రాక్టు తీసుకొన్న కంపెనీ మరుసటి ఏడాదే చేతులెత్తేయగా బజారు మళ్లీ గ్యాసు దీపాల వెలుగులోకే వచ్చినది.

ఇక లోపలి మనుషుల సంగతి. మార్కెట్టు పురపాలక సంస్థది. దుకాణదారు అక్కడ యజమాని కాడు, లైసెన్సుదారు మాత్రమే. అతని జాగాను బొంబాయి భాషలో ‘గాళా’ అంటారు. కాని తాత పేరుమీది లైసెన్సు తండ్రికి, తండ్రిది కొడుకుకు వారసత్వంగా సాగుతూ వచ్చినందువలన, కాగితం మీద అద్దె జాగా అయినది ఆచరణలో వంశపు ఆస్తి వంటిదైనది. ఒక కుటుంబం పండ్లు అమ్మితే మూడు నాలుగు తరాలు పండ్లే. ఎండు ద్రాక్ష, బాదం, పిస్తా అమ్మేవారు వేరు. కూరగాయలవారు వేరు. కోళ్లు, గ్రుడ్లు, మాంసం, చేపలకు వెనుకవైపు వేరే శాలలు. గుజరాతీలు, మరాఠీలు, ముస్లిములలో పలు తెగలవారు, ఉత్తరాది నుండి వచ్చినవారు పక్కపక్కనే కూర్చుని, ఒకరి చిల్లర ఒకరు సర్దుకొంటూ వ్యాపారం చేసినారు.

కుటుంబపు దుకాణం ఎట్లా నడుస్తుందో తెలుసుకోవాలంటే మామిడిపండ్ల కాలంలో చూడవలె. రత్నగిరి, దేవగడ్ తోటల ఆల్ఫాన్సో, అనగా కొంకణపు ‘హాపూస్’, ఎండుగడ్డి పరచిన కొయ్యపెట్టెలలో వస్తుంది. కాయ వచ్చేటప్పటికి పచ్చిది, గట్టిది. దానిని పండించి అమ్మడమే విద్య. ఇంటి కుర్రవాడు మొదట నేర్చేది బేరం కాదు, గడ్డి సర్దడం. ప్రతి ఉదయం పెట్టె విప్పి, కాయలను ఒక్కొక్కటిగా ఒత్తకుండా తాకి, రంగు తిరిగినవి ఒక వరుస, తిరగబోయేవి మరొక వరుస వేయాలి. ఒక్క కుళ్లిన కాయ చూపు తప్పిపోతే పెట్టె అంతా పాడు. రెండు మూడు వేసవులు ఇట్లా గడచిన తరువాతనే అతడిని గద్దె మీద కూర్చోనిస్తారు. కొనవచ్చినవారిని మంచి దుకాణదారు అడిగే మొదటి ప్రశ్న “ఎన్ని కావాలి” అని కాదు, “ఎప్పుడు తింటారు” అని. ఈ రోజుకు కొన్ని, ఎల్లుండికి కొన్ని, ఊరికి పంపేందుకు ఇంకొన్ని అని వేరుచేసి కట్టి ఇస్తాడు. ఆ మాట తప్పితే మరునాడు అదే మనిషి అదే గాళా ముందు నిలబడి అడుగుతాడు. ఎక్కడికీ పోలేని దుకాణం, ఎల్లకాలం వచ్చే ఖాతాదారు: కుటుంబపు వ్యాపారానికి అసలు పూచీకత్తు ఇదే.

టోకు బేరాల రీతి వేరు. దేశంలోని ఎన్నో పెద్ద పండ్ల బజార్లలోవలె ఇక్కడ కూడా అమ్మేవాడు, కొనేవాడు ఒక గుడ్డ చాటున చేతులు కలిపి, వేళ్ల సైగలతో ధర తేల్చుకొనేవారు. పక్కవానికి ధర తెలియదు. సరుకు పంపిన రైతుకూ తెలియదు. దళారి చెప్పినదే లెక్క. ద్వారం మీద రాతి రైతు, లోపల గుడ్డ చాటున రైతు సొమ్ము! ఈ పద్ధతిని మాన్పించి బహిరంగ వేలం తేవడం తరువాతి మార్కెటింగు చట్టాల ఉద్దేశాలలో ఒకటి.

తూకాలలోనూ ఒక గమ్మత్తు ఉండేది. మద్రాసు మణుగు 25 పౌండ్లయితే బొంబాయి మణుగు 28 పౌండ్లు. మద్రాసు లెక్కకు అలవాటుపడి దక్షిణం నుండి వచ్చినవారు, ఇక్కడ మణుగు కొన్నప్పుడు సంచి బరువు చూసి లాభపడినామని మురిసేవారు, ధర చూసి తికమక పడేవారు. 1958లో మెట్రిక్ తూనికలు ప్రవేశించి 1962 నాటికి తప్పనిసరి కావడంతో ఆ చిక్కు తీరినది. పండ్లకు మాత్రం డజను లెక్క పోలేదు.

బజారులో అడుగు పెట్టగానే నెత్తిన వెడల్పాటి గంపతో వెంటబడే కూలీలను ‘పాటీవాలా’లు అంటారు. పదిచోట్ల కొన్న సరుకును ఒకే గంపలో, బరువైనది అడుగున, మెత్తనిది పైన సర్ది, ఒక్క పండు నలగకుండా బండి దాకా చేర్చడం వారి నేర్పు. వీరికి గాళా లేదు, లైసెన్సు పలక తప్ప వారసత్వమూ లేదు. మార్కెట్టు చరిత్ర రాసేవారు గోపురం కొలతలు ఇచ్చి వీరిని మరచిపోవడం అన్యాయం.

కూలి అన్న మాట వచ్చినప్పుడు కామాఠీలను తలచుకోక తప్పదు. పద్దెనిమిదవ శతాబ్ది చివర నుండి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి బ్రతుకుతెరువు కోసం వచ్చి, బొంబాయి రోడ్లూ భవనాలూ కట్టే పనులలో చెమటోడ్చినవారు కామాఠీలు. వారు నివసించిన పేటయే కామాఠీపురా. రాతి భవనాల మీద వాస్తుశిల్పుల పేర్లు మిగిలినవి, తట్టలు మోసినవారి పేర్లు మిగలలేదు. అయితే వారిలో కొందరు కాంట్రాక్టర్లుగా పైకివచ్చి, సంఘంలో పెద్దలైనారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కారాడి లింగు, వ్యంకు బాళు కాళేవార్, నర్సింగరావు సాయబు వడ్నాల మొదలైనవారు ఈ కోవకు చెందినవారు.

1873 సెప్టెంబరు 24న పూనాలో జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో ముందువరుస వారు ఈ తెలుగు కాంట్రాక్టర్లే. వారి మధ్య వృత్తిబంధం కూడా ఉన్నది. ఫూలే స్వయంగా కాంట్రాక్టు పనులు చేసినవాడు. ఆయన ఇంటిపేరే పూల వ్యాపారం వలన వచ్చినది. కుటుంబం పూనాలో పూలు, కూరలు అమ్మి జీవించినది. 1888 మే 11న బొంబాయి మాండ్వి కోళీవాడలో జరిగిన సభలో ఆయనకు ‘మహాత్మ’ బిరుదాన్ని ఇచ్చినారు. గాంధీజీకి ఆ మాట అన్వయించడానికి ఇది చాలా ముందటి సంగతి.

అందుచేత స్వాతంత్ర్యానంతరం మార్కెట్టుకు ఆయన పేరు పెట్టడం ఎంతో ఉచితం: కూరగాయలమ్మిన ఇంటి బిడ్డ పేరు కూరగాయల బజారుకు. ఇందులో ఒక చమత్కారం కూడా ఉన్నది. ఫూలే 1876 నుండి 1882 వరకు పూనా పురపాలక సభ్యుడు. ఆ ఊరిలో పెద్ద మార్కెట్టు భవనం కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ ధనాన్ని పేదపిల్లల చదువుకు వినియోగించమని వ్యతిరేకించినవాడు ఆయనే. భవనం 1886లో రే మార్కెట్టు పేర వెలసినది. అర్ధశతాబ్దం తరువాత ఆచార్య అత్రే చొరవతో అది కూడా మహాత్మా ఫూలే మండై అయినది. వద్దన్నవాని పేరే రెండు నగరాల మార్కెట్టులకూ నిలిచినది.

1996 మార్చి ఈ మార్కెట్టు జీవితంలో పెద్ద మలుపు. టోకు పండ్ల వ్యాపారాన్ని ప్రభుత్వం సముద్రపు పాయ ఆవలి నవీ ముంబయిలోని వాషికి తరలించినది. కారణాలు తీసివేయదగినవి కావు. లారీలు రాత్రంతా నిలిచి ఊరి నడిబొడ్డు స్తంభించేది. ఆ వీధులు వాటికోసం వేసినవి కావు. కానీ లారీలతోపాటు తెల్లవారుజాము సందడి, హమాలీల కూలి, చుట్టూ ఉన్న టీ దుకాణాల బేరం కూడా వెళ్లిపోయినవి. పెద్ద దళారులు వాషిలో కొత్త జాగాలు తీసుకొన్నారు. చిల్లర దుకాణాల కుటుంబాలు మాత్రం ఇక్కడే మిగిలినవి. ఒకప్పుడు పది అడుగుల దూరంలో దొరికిన సరుకును ఇప్పుడు తెల్లవారకముందే వాషి వెళ్లి ఏరి తెచ్చుకోవలె. రవాణా ఖర్చు కలుస్తుంది, లాభం తరుగుతుంది. కొందరు గాళాలలో పండ్ల స్థానంలో విదేశీ చాక్లెట్లు, మిఠాయిల తయారీ సామగ్రి చేరినవి. వారిని తప్పుపట్టలేము.

2000 తరువాత ఇంకొక భయం వచ్చినది. వెనుక భాగాలను తొలగించి కొత్త కట్టడాలు లేపే పథకాలు బయలుదేరినవి. వారసత్వ కట్టడాల రక్షణ కోరేవారు, దుకాణదారులు వాటిని ఎదిరించినారు. వీరిద్దరి ఆందోళన ఒకటి కాదు. మొదటివారి బెంగ రాతి గోపురం గురించి, రెండవవారిది తమ గాళా తిరిగి తమకే దక్కుతుందా అని. గోపురం పడిపోతే మళ్లీ నిలుపవచ్చు. ఒక దుకాణం రెండేండ్లు మూతబడితే దాని ఖాతాదారులు చెదరిపోతారు, ఆ ఇంటి పిల్లవాడు వేరే కొలువు చూసుకొంటాడు. ఆ తరువాత గడ్డిలో మామిడికాయ తాకి చూసే చేయి ఎక్కడినుండి వస్తుంది? చివరకు పురపాలక సంస్థ తానే పూనుకొని పాత భవనాన్ని బాగుచేయించే పని చేపట్టినది.

కామాఠీపురా తెలుగు కుటుంబాలకు గోంగూర కావాలంటే ఈ నగరంలో ‘అంబాడీ’ అని అడగాలి. ఆ మాట కొత్త కోడళ్లకు అత్తలు మొదట నేర్పే మరాఠీ మాటలలో ఒకటి. మార్కెట్టు పేరు విషయంలో మాత్రం ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ ఇప్పటికీ పొత్తు కుదరలేదు. పాఠ్యపుస్తకంలో ఫూలేను చదివిన పిల్లలు బోర్డు మీది పేరు చెబుతారు. పెద్దలు టాక్సీవానికి “క్రాఫర్డ్” అనే చెబుతారు, అతడు అక్కడికే తీసుకొనిపోతాడు.