పైడి జైరాజ్: ఏది తొలి, ఏది కాదు?

పైడి జైరాజ్ గురించి ఏ వ్యాసం చూసినా 'హిందీ సినిమాలో తొలి తెలుగు హీరో' అన్న మాట తగులుతుంది. ఆయన 1909 సెప్టెంబరు 28న కరీంనగర్‌లో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి బొంబాయి చేరారు. 1929లో 'జగ్‌మగ్తీ జవానీ'తో తెరకెక్కారు. బిరుదు వినడానికి బాగానే ఉంది, తేదీల ముందు మాత్రం నిలవదు. మన తొలి టాకీ 'ఆలం ఆరా' వచ్చిందే 1931 మార్చిలో. అంతకుముందువన్నీ మూకీలు. ఒక్కో టైటిల్ కార్డు మీద రెండు మూడు భాషల్లో రాతలు వేసి ఊరూరా ఆడించేవారు. ఆ బొమ్మల్ని హిందీ సినిమాలనడం తర్వాతి కాలపు అలవాటు.

ఆ మూకీల్లో ఆయన ఎలా నటించారో అంచనా వేయడానికి చేతిలో ఉన్నది తక్కువ. దేశంలో తయారైన సుమారు 1300 మూకీల్లో నిండుగానో ముక్కలుగానో మిగిలినవి ముప్పై చుట్టూ ఉంటాయి. నైట్రేట్ ఫిల్ము తేలిగ్గా అంటుకునేది. వెండి కోసం కరిగించినవీ ఉన్నాయి. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. కాబట్టి ఆయన మూకీలు పదకొండు అన్నప్పుడు దాన్ని జాబితాల లెక్కగానే తీసుకోవాలి. మొత్తం సినిమాల సంఖ్య 170 అని ఒకరు, 200 దాటిందని మరొకరు రాస్తారు. నేనైతే ఏ అంకెకూ పూచీ పడను.

టాకీలు వచ్చాక మాట సరిగా పలకలేని మూకీ తారలు చాలామంది వెనకబడ్డారు. సులోచనగా వెలిగిన రూబీ మేయర్స్ అంతటి నటి హిందుస్తానీ నేర్చుకోవాల్సి వచ్చింది. జైరాజ్ 1932లో 'షికారీ'తో టాకీల్లోకి వచ్చి నిలదొక్కుకున్నారు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. ఆ వాతావరణంలో పెరగడం ఆయనకు కలిసొచ్చి ఉంటుందని నా ఊహ. ఊహే, రుజువు కాదు.

కాస్త గట్టి ఆధారాలున్న చిత్రం 'మజ్దూర్'. 1934లో మోహన్ భవ్నానీ దర్శకత్వంలో అజంతా సినీటోన్ తీసింది. కథ ప్రేమ్‌చంద్‌ది. ఆయన పంచాయతీ పెద్దగా కాసేపు తెర మీద కనిపించారు కూడా. మిల్లు యజమాని కొడుకు దుర్మార్గానికి ఎదురు తిరిగిన కార్మికుల పక్షాన నిలబడే కైలాస్ పాత్ర జైరాజ్‌ది. బొంబాయిలో సినిమాను నిషేధించారు. అక్కడి సెన్సారు బోర్డులో మిల్లు యజమానుల సంఘం పెద్ద ఒకరుండేవారు. నిషేధం వెనుక కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. సినిమా ప్రింటు మాత్రం దొరకదు.

తర్వాతి దశకు ఆధారాల కరువు లేదు. బాంబే టాకీస్ వారి 'భాభీ' (1938), 'హాతిమ్ తాయ్' (1956), 'టిప్పు సుల్తాన్' (1959) అన్నీ నమోదైనవే.

2000 ఆగస్టు 10న ముంబైలో కన్నుమూసిన జైరాజ్‌కు కచ్చితంగా చెప్పదగ్గ 'తొలి' ఒకటుంది. 1980 సంవత్సరానికి ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. అంతకుముందు అది అందుకున్న తెలుగువాడు బి.ఎన్.రెడ్డి దర్శకుడు. అక్కినేనికి వచ్చింది 1990 సంవత్సరానికి. తెలుగు నటుల్లో ఫాల్కే మొదట అందుకున్నది కరీంనగర్ వాడే. ఆయన గురించి రాసేవారు ఈ మాట రాయడం మేలు.