జబ్బు ఎవరికి రాలేదు?

1906లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, మౌంట్ వెర్నన్ అనే ఊళ్లో నల్లజాతి వారి కోసం నడిచే పిచ్చాసుపత్రిలో ఒక వింత జబ్బు చెలరేగింది. ఎండ తగిలే చోటల్లా, అంటే ముంజేతుల మీద, మెడ చుట్టూ, చర్మం కమిలి నల్లబడి పొలుసులుగా ఊడేది. వెనకే విరేచనాలు పట్టుకునేవి. ఆ తర్వాత ఉన్న మతీ పోయేది. 88 మందికి జబ్బు చేస్తే 57 మంది చనిపోయారు. మరుసటి ఏడాది డాక్టర్ జార్జ్ సియర్సీ ఈ సంగతి వైద్య పత్రికకు రాశాడు. అంతవరకూ ఆ జబ్బు తమ దేశంలో లేదనే అమెరికా వైద్యులు చాలామంది అనుకునేవారు.

యూరప్‌కు మాత్రం అది పాత చుట్టం. స్పెయిన్‌లో గాస్పర్ కాసల్ 1735లోనే దాన్ని గుర్తించాడు. ఇటలీలో 1771లో ఫ్రాపొల్లి దానికి పెల్లాగ్రా అని పేరు పెట్టాడు. మొక్కజొన్న తిని బతికే పేదవాళ్లనే అది పట్టుకుంటుందని రెండు దేశాల వైద్యులూ గమనించారు. ఎందుకో మాత్రం తేలలేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి నలభై ఏళ్లలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా సుమారు 30 లక్షల మందికి సోకింది, దాదాపు లక్షమందిని బలిగొంది. పిచ్చాసుపత్రుల్లో రెండు ప్రవాహాలు కలిసేవి. మతి చెడి ఆసుపత్రిలో చేరినవాళ్లకు అక్కడ పెల్లాగ్రా వచ్చేది. ఇంటి దగ్గరే పెల్లాగ్రా వచ్చి, దానివల్ల మతి చెడినవాళ్లను తెచ్చి అక్కడ చేర్చేవారు. ఏది ముందో, ఏది వెనకో చూసేవాళ్లకు అంతుపట్టేది కాదు.

అనుమానితులు ముగ్గురు. బూజు పట్టిన మొక్కజొన్నలో విషం ఉందన్నారు కొందరు. సౌత్ కరొలైనాలోని స్పార్టన్‌బర్గ్‌లో 1912 నుంచి ఆరా తీసిన థాంప్సన్-మెక్‌ఫాడెన్ కమిషన్ ఇది అంటువ్యాధేనంది. వంశపారంపర్య సిద్ధాంతంలో పేరు మోసిన చార్ల్స్ డావెన్‌పోర్ట్ ఇది రక్తంలోనే ఉందన్నాడు. ముగ్గురి మీదా వాదనలు బలంగానే సాగాయి. అయితే అందరూ చూసింది రోగుల వైపే.

మొదటి ఆనవాలు: నర్సులు

1914లో ప్రజారోగ్య శాఖ ఈ పనిని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్‌కు అప్పగించింది. హంగరీ ప్రాంతం నుంచి చిన్నప్పుడే వలస వచ్చిన యూదు కుటుంబంవాడు. పచ్చజ్వరం, టైఫస్ లాంటి అంటురోగాల వెంట తిరిగి, తానూ వాటి బారిన పడి బతికి బయటపడ్డవాడు. అంటురోగం ఎలా పాకుతుందో తెలిసినవాడు కాబట్టే, పిచ్చాసుపత్రుల్లోకి అడుగుపెట్టగానే ఒక లోటు అతని కంట పడింది. రోగులను పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండే నర్సులకూ పనివాళ్లకూ పెల్లాగ్రా రావడం లేదు. రోగుల్లోనేమో, చేరిన చాలాకాలానికి కొత్తగా వస్తోంది. అంటువ్యాధి అయితే ఉద్యోగం చూసి ఆగుతుందా?

పైకి చూస్తే ఇద్దరి వంటశాలా ఒక్కటే. కానీ సిబ్బంది ముందుగా తమకు కావలసింది తీసుకునేవారు. మాంసం, పాలు వాళ్ల పళ్లెంలోకి వెళ్లేవి. రోగులకు మిగిలేది మొక్కజొన్న గంజి, చెరకు పాకం, కాస్త పంది కొవ్వు.

రెండో ఆనవాలు: ఆరేళ్ల లోపు, పన్నెండేళ్ల పైన

మిసిసిపీలోని జాక్సన్‌లో ఒక మెథడిస్ట్ అనాథాశ్రమం ఉండేది. 1914 జూలైలో అక్కడ 211 మంది పిల్లలుంటే 68 మందికి పెల్లాగ్రా. గోల్డ్‌బెర్గర్ వాళ్లను వయసును బట్టి విడదీశాడు. ఆరేళ్ల లోపు 25 మందిలో ఇద్దరికే జబ్బు. పన్నెండు దాటిన 66 మందిలో ఒక్కరికే. నడిమి వయసు 120 మందిలో మాత్రం 65 మందికి!

ఒకే కప్పు కింద, ఒకే పడకగదుల్లో పెరిగే పిల్లల్లో క్రిమి వయసు లెక్క చూసి కాటేయదు. అతను మళ్లీ వంటింట్లోకే వెళ్లాడు. చంటివాళ్లకు పాలు పోస్తున్నారు. పెద్దపిల్లలు పొలం పనీ ఇంటి పనీ చేస్తారు కాబట్టి వాళ్లకు మాంసం పడుతోంది. పాలు తాగే వయసు దాటి, పనికి వచ్చే వయసు రానివాళ్లకు రొట్టె, మొక్కజొన్న, పాకం తప్ప మరేమీ లేదు. ప్రభుత్వ డబ్బుతో అందరికీ పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు జాతి గింజలు పెట్టించాడు. వేరే ఏదీ మార్చలేదు. తర్వాతి ఏడాదికి జబ్బు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

ఇక ఎదురు పరీక్ష మిగిలింది. తిండి మార్చి జబ్బును పోగొట్టినవాడు, తిండి మార్చి తెప్పించగలడా? 1915లో మిసిసిపీ గవర్నర్ ఎర్ల్ బ్రూవర్ క్షమాభిక్ష హామీ ఇవ్వడంతో రాంకిన్ జైలు పొలంలో 12 మంది ఆరోగ్యవంతులైన ఖైదీలు ముందుకొచ్చారు. వాళ్ల కంచంలో రొట్టెలు, మొక్కజొన్న గంజి, అన్నం, పాకం, చిలగడదుంప, ఆకుకూర, కాఫీ. కడుపు నిండేది. కొన్ని నెలలు గడిచేసరికి చివరిదాకా నిలిచిన 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా తేలింది. పక్కనే మామూలు జైలు కూడు తిన్న ఖైదీల్లో ఒక్కరికీ రాలేదు. నైతికంగా ఈనాడు ఏ సంఘమూ ఒప్పుకోని ప్రయోగం అది.

మూడో ఆనవాలు: మాత్రలు మింగినవాళ్లు

అయినా అంటువ్యాధి పక్షం వాళ్లు మెత్తబడలేదు. అప్పుడు గోల్డ్‌బెర్గర్ ఎవరూ చేయని పని చేశాడు. 1916లో రోగుల రక్తాన్ని తనకూ సహచరులకూ ఎక్కించుకున్నాడు. వాళ్ల ముక్కు స్రావాన్ని తమ ముక్కుల్లో రాసుకున్నారు. ఊడిన చర్మపు పొలుసులు, మూత్రం, మలం గోధుమపిండితో కలిపి మాత్రలు చేసి మింగారు. భార్య మేరీ కూడా పట్టుబట్టింది. మాత్రలు మింగనివ్వలేదు గానీ, పెల్లాగ్రా రోగి రక్తాన్ని ఆమె పొట్ట చర్మం కింద ఎక్కించారు. మొత్తం 16 మంది. కొందరికి కడుపు తిప్పింది, విరేచనాలయ్యాయి. పెల్లాగ్రా ఒక్కరికీ రాలేదు.

క్రిమి వాదం అక్కడితో తలదించాల్సింది. దించలేదు. ఎందుకంటే తిండి అన్న మాట వెనకాల కూలి అన్న మాట ఉంది. గోల్డ్‌బెర్గర్, ఆర్థిక శాస్త్రవేత్త ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ కలిసి సౌత్ కరొలైనాలో ఏడు మిల్లు ఊళ్లు ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంట ఎంత రాబడి, ఏం కొన్నారు, ఎవరికి జబ్బు అని రాసుకున్నారు. రాబడి తగ్గేకొద్దీ జబ్బు పెరిగింది. 1921లో పత్తి ధర పడిపోతే పెల్లాగ్రా పెరుగుతుందని అతను హెచ్చరించినప్పుడు, తమ ప్రాంతాన్ని ఆకలి రాజ్యంగా చిత్రిస్తున్నాడని దక్షిణాది నాయకులు మండిపడ్డారు.

లోపించినది ఏమిటో చూడకుండానే 1929లో అతను క్యాన్సర్‌తో చనిపోయాడు. కుక్కల్లో నల్లనాలుక అనే జబ్బు పెల్లాగ్రాకు జంట అనీ, ఈస్ట్ రెంటినీ నయం చేస్తుందనీ చూపించి వెళ్లాడు. 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెజెమ్ ఆ కుక్కలకు నికోటినిక్ ఆమ్లం ఇచ్చి లేపి కూర్చోబెట్టాడు. మనం ఇప్పుడు నియాసిన్ అంటున్నది అదే. కాసిమిర్ ఫంక్ తవుడు నుంచి దాన్ని అంతకు పాతికేళ్ల ముందే తీశాడు. బెరిబెరికి పనిచేయకపోవడంతో పక్కన పెట్టేశాడు. టామ్ స్పైస్ వంటి వైద్యులు ఇప్పుడు దాన్ని మనుషులకిచ్చారు. మతిస్థిమితం లేనివాళ్లుగా ముద్రపడిన రోగులు కొందరు కొద్ది రోజుల్లోనే తేటపడి, మనుషుల్ని గుర్తుపట్టి మాట్లాడారు.

నాలుగో ఆనవాలు: పాలు, సున్నం

నియాసిన్ దొరికింది గానీ రెండు ముడులు మిగిలాయి. పాలలో నియాసిన్ చాలా తక్కువ. మరి అనాథాశ్రమంలో పాలు తాగినవాళ్లకు జబ్బు ఎందుకు రాలేదు? మొక్కజొన్నను కనిపెట్టిన మెక్సికో వాళ్లు తరతరాలుగా అదే తింటున్నారు, వాళ్లకెందుకు రాలేదు?

మొదటిదానికి జవాబు 1945లో విల్లార్డ్ క్రెల్ బృందం ఎలుకల్లో చూపింది. ప్రొటీన్‌లో ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరమే నియాసిన్ తయారుచేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నియాసిన్. పాలలో ట్రిప్టోఫాన్ ఉంది, మొక్కజొన్నలో అది తక్కువ. రెండోదానికి జవాబు మెక్సికో వంటింట్లో దొరికింది. వాళ్లు గింజను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, తర్వాత రుబ్బుతారు. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ మన పేగులు విడదీయలేనంత గట్టిగా అంటుకుని ఉంటుంది. సున్నం దాన్ని విడగొడుతుంది. యూరప్ ఆ పంటను తెచ్చుకుంది, వండే పద్ధతిని తెచ్చుకోలేదు.

ఐదో ఆనవాలు: వరి తినేవాళ్లు

కథ ఇక్కడ ముగిసినట్టే అనిపించింది, హైదరాబాద్ దాకా రానంతవరకు. కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. చుట్టుపక్కల తెలంగాణ పల్లెల్లో పెల్లాగ్రా కనిపిస్తోంది. కానీ వాళ్లు తినేది మొక్కజొన్న కాదు, జొన్న. పొద్దున గటక, రాత్రి రొట్టె, పక్కన కారం, పలచటి పులుసు.

పుస్తకం ప్రకారం ఇది రాకూడదు. జొన్నలో నియాసిన్ బియ్యంలో కంటే తక్కువేమీ కాదు. ట్రిప్టోఫాన్ కూడా మొక్కజొన్నలో ఉన్నంత అధ్వానంగా లేదు. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య వేసుకున్న ప్రశ్న గోల్డ్‌బెర్గర్‌దే: ఇంతే పేదరికంలో ఉండి ఎవరికి రావడం లేదు? వరి తినేవాళ్లకు. అంతే కూలి, అంతే తక్కువ పప్పు, అంతే తక్కువ పాలు. అయినా వాళ్ల ముంజేతులు శుభ్రంగా ఉన్నాయి.

అంటే జొన్నలో లేనిదాన్ని వెతకడం మాని, ఎక్కువైనదాన్ని వెతకాలి. జొన్నలోనూ మొక్కజొన్నలోనూ కలిసి కనిపించింది ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం. బియ్యంలో అది అంత ఉండదు. 1960లో ఇద్దరూ లాన్సెట్ పత్రికలో ఈ వాదన వినిపించారు. ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారికి ల్యూసిన్ అడ్డు తగులుతోందన్నారు. ల్యూసిన్ ఇచ్చినప్పుడు ఆ దారి మధ్యలో తయారయ్యే క్వినోలినిక్ ఆమ్లం మూత్రంలో ఎక్కువగా పోతోందని వాళ్ల సంస్థలో గమనించారు. ల్యూసిన్ కలిపిన తిండితో కుక్కపిల్లల్లో నల్లనాలుక తెప్పించారు.

మెదడు కూడా సాక్ష్యం చెప్పింది. పెల్లాగ్రా రోగుల ఈఈజీలు తీస్తే మెదడు తరంగాలు నెమ్మదించినట్టు కనిపించాయి. కమల కృష్ణస్వామి, గోపాలన్ 1971లో రోగులకు ఐసోల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని ఇచ్చి చూశారు. అది ల్యూసిన్‌కు విరుగుడుగా పనిచేస్తుందని వాళ్ల అంచనా. చర్మమూ ఈఈజీ కూడా మెరుగైనట్టు రాశారు.

ఈ వాదనను అందరూ ఒప్పుకోలేదు. వేరే దేశాల ప్రయోగశాలల్లో ఎలుకల మీద చేసిన పరీక్షలు చాలావరకు ల్యూసిన్‌ను దోషిగా నిలబెట్టలేకపోయాయి. హైదరాబాద్ బృందమే తర్వాత విటమిన్ బి6 వైపు తిరిగింది. ట్రిప్టోఫాన్ దారిలో ఒక మలుపు దాటాలంటే బి6 కావాలి. అది ఇస్తే ల్యూసిన్ ప్రభావం సరిదిద్దుకుంటోందని 1976లో చూపారు. కాబట్టి ల్యూసిన్ ఒంటరి దొంగ కాకపోవచ్చు, మిగతా లోపాలున్న ఒంట్లో జొరబడ్డవాడు కావచ్చు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి పేదల పళ్లెం మారింది. జొన్న వెనక్కి తగ్గింది, నిండు లక్షణాలతో పెల్లాగ్రా రోగి కనిపించడమూ అరుదైంది. ఇవాళ చిరుధాన్యాల పేరుతో జొన్నరొట్టె తినేవాళ్లకు భయమేమీ లేదు. వాళ్ల పక్కన పప్పు, పెరుగు, గుడ్డు ఉంటాయి.

ఆరో ఆనవాలు: మెదడు లోపలి దారి

హైదరాబాద్‌లో మూత్రంలో కొలిచిన క్వినోలినిక్ ఆమ్లం ఆ తర్వాత మెదడు పరిశోధనలో పెద్దమాట అయింది. అది నాడీకణాల మీద ఉండే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను రెచ్చగొడుతుందని 1981లో తేలింది, ఎక్కువైతే ఆ కణాలను చంపుతుందని 1983లో తేలింది. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవారి వెన్నుద్రవంలో అది మామూలు కన్నా ఎక్కువగా ఉందని 2013లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు చెందిన సోఫీ ఎర్‌హార్ట్ బృందం రాసింది. కుంగుబాటులో ట్రిప్టోఫాన్ దారి ఎటు మళ్లుతోందన్నది ఇప్పుడు చాలా ప్రయోగశాలల ప్రశ్న. కుంగుబాటు అంటే నియాసిన్ లోపమే అని దీనర్థం కాదు. వాపు కలిగినప్పుడు ఒంట్లో ట్రిప్టోఫాన్ ఎక్కువగా ఈ దారి పడుతుంది. ఆ దారిలోనే ఒక చివర నియాసిన్, మధ్యలో మెదడును రెచ్చగొట్టే పదార్థం ఉన్నాయి. ముంజేతి మచ్చలకూ మనసు చెదరడానికీ మధ్య ఉన్న రసాయన బంధుత్వం ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది.

జబ్బు పూర్తిగా పోలేదు. 1990లో మలావీలోని మొజాంబిక్ శరణార్థి శిబిరాల్లో రేషన్‌లో వేరుశనగ ఆగిపోయాక దాదాపు 18 వేల మందికి పెల్లాగ్రా వచ్చింది. అక్కడా అదే లెక్క: వేరుశనగ తినగలిగినవాళ్లకు ముప్పు తక్కువ. మన ఊళ్లలో ఇప్పుడు ఇది రెండు చోట్ల దాక్కుంటుంది. మద్యానికి బానిసై తిండి మానేసినవాళ్లలో ఒకటి. ఐసోనయాజిడ్ వాడుతున్న టీబీ రోగుల్లో రెండోది, ఎందుకంటే ఆ మందు బి6ను దెబ్బతీసి అదే దారిని మూసేస్తుంది. వీళ్లలో చర్మం మీద ఏ మచ్చా లేకుండా కేవలం మతి తప్పడమే కనిపించవచ్చు. మద్యం మానిన గందరగోళమనో, మామూలు మానసిక జబ్బనో అనుకుని నియాసిన్ ఇవ్వకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

గోల్డ్‌బెర్గర్, గోపాలన్ ఇద్దరూ రోగి కన్నా ముందు రోగి పక్కవాణ్ణి చూశారు. ఆ చూపు ఖరీదైనది కాదు. మతి తప్పిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు, ఆ ఇంట్లో మిగతావాళ్లు బాగానే ఉన్నారా, వాళ్లు తిన్నదే ఇతనూ తింటున్నాడా, ఇతను మింగుతున్న మాత్రలు ఇంకెవరైనా మింగుతున్నారా అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. తేడా అక్కడ దొరికితే, మందు తక్కువ ధరకే దొరుకుతుంది.