దువ్వూరి సుబ్బారావు

దువ్వూరి సుబ్బారావు (జననం: 1949 ఆగస్టు 11, ఏలూరు) ఆర్థికవేత్త, మాజీ ఐఏఎస్ అధికారి, భారతీయ రిజర్వు బ్యాంకు 22వ గవర్నరు. ఆయన ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. అయినా రాజకీయానికీ ఆర్థికశాస్త్రానికీ మధ్య నడిచే పెనుగులాటను రెండు వైపుల నుంచీ ఇంత దగ్గరగా చూసిన తెలుగువారు అరుదు.

కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఖరగ్‌పూర్, కాన్పూర్ ఐఐటీల్లో భౌతికశాస్త్రం అభ్యసించి, 1972లో సివిల్ సర్వీసుల్లో దేశానికే మొదటివాడిగా నిలిచారు. తొలి ఉద్యోగం పార్వతీపురం సబ్ కలెక్టరుగా. ఆర్థికశాస్త్రం ఆయన జీవితంలోకి తరువాత వచ్చింది: అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్., ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ. 1993 నుంచి 1998 వరకు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక కార్యదర్శిగా, ఆపైన ప్రపంచ బ్యాంకులో, 2007 నుంచి కేంద్ర ఆర్థిక కార్యదర్శిగా పనిచేశారు.

2008 సెప్టెంబరు 5న గవర్నరుగా బాధ్యతలు చేపట్టారు. పది రోజులకే అమెరికాలో పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది. ఇక్కడి బ్యాంకుల్లో నగదు ఎండిపోకుండా, వాటికి రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ అయిన రెపో రేటును 9 శాతం నుంచి 2009 ఏప్రిల్ నాటికి 4.75కు దించారు. ఆ చవక డబ్బు కాలం ముగిసేసరికి ధరలు ఎగబాకాయి. 2010 మార్చి, 2011 అక్టోబరు మధ్య 13 సార్లు రేటు పెంచి 8.5కు చేర్చారు. మొదట్లో పెంపు మందకొడిగా సాగిందని కొందరు, అభివృద్ధిని నొక్కేశారని మరికొందరు తప్పుపట్టారు. సామాన్యుడి సంచిలో సరుకు తగ్గించేది ధరల పెరుగుదలే కనుక రెండో విమర్శలో న్యాయం తక్కువ.

సొంత రాష్ట్రపు సమస్య కూడా ఆయన బల్ల మీదికొచ్చింది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి ఆత్మహత్యలకు దారితీస్తోందన్న ఆందోళనతో 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తెచ్చింది. రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీని వేసి, 2011లో ఆ అప్పులపై వడ్డీకి 26 శాతం హద్దు గీసింది.

ఆర్థిక శాఖతో పొరపొచ్చాలు 2012 అక్టోబరు 30న బయటపడ్డాయి. ఆ రోజు రెపో రేటు తగ్గకపోవడంతో, అభివృద్ధి కోసం ఒంటరిగా నడవాల్సివస్తే నడుస్తామని మంత్రి చిదంబరం అన్నారు. ఒకనాడు అదే శాఖకు కార్యదర్శిగా ఉన్న సుబ్బారావు పది నెలలు ఓపికపట్టారు. ఈలోగా రూపాయి పడిపోతూ, 2013 ఆగస్టు 28న డాలరు విలువ 68 రూపాయలు దాటింది. మర్నాడు ముంబయి ఉపన్యాసంలో ఆయన జవాబిచ్చారు: రిజర్వు బ్యాంకుతో విసిగి ఒంటరిగా నడకకు బయల్దేరాలనిపించినా, అది ఉన్నందుకు దేవుడికి కృతజ్ఞతలని ఆర్థిక మంత్రి ఏనాటికైనా చెబుతారని ఆశిస్తున్నానన్నారు. ఆరు రోజుల తరువాత పదవిని రఘురాం రాజన్‌కు అప్పగించారు.