రెండు అక్షరాలు ఎక్కువ

2021 మే. తెల్లవారి ఆరు దాటింది. లాక్‌డౌన్ సడలింపు పది గంటల దాకానే. నాచారంలో ఒక రేషన్ షాపు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో ఒకదానిలో మీరు నిలబడి ఉన్నారు.

మీరు లెక్కల టీచరు. మార్చి 24న బడులు మళ్లీ మూతపడ్డాయి. మీ జీతం కిందటేడే సగమై, ఆ తర్వాత ఆగిపోయింది. ప్రైవేటు టీచర్లకు ప్రభుత్వం ప్రకటించిన నెలకు 2,000 రూపాయలు ఖాతాలో పడ్డాయి. 25 కిలోల బియ్యం కోసం ఈ వరుస.

ముందు గుండ్రంలో ఉన్నాయన వెనక్కి తిరిగి, "బాగున్నారా సార్?" అంటాడు. మాస్కు పైన కళ్లే కనిపిస్తున్నాయి. గొంతును బట్టి పోల్చుకుంటారు, పక్క బడిలో సైన్సు చెప్పే ఆయన. ఎండల గురించి మాట్లాడుకుంటారు, టీకా దొరికిందా లేదా అని అడుగుతారు. బియ్యం సంగతి ఇద్దరూ ఎత్తరు. మీ వంతు వచ్చాక డీలరు జాబితాలో వేలు పెట్టి వెతికి, "సార్, మా పిలగాడు మీ దగ్గర్నే సదివిండు. లెక్కలంటే మస్తు ఇష్టం వానికి" అంటాడు. సంచీని తనే మోసుకొచ్చి స్కూటరు మీద మీ కాళ్ల దగ్గర పెడతాడు. మోసినందుకు డబ్బులు తీసుకోడు.

హబ్సిగూడ చౌరస్తాలో ఎడమకు తిరిగితే ఉప్పల్ రోడ్డు. నెత్తిన మెట్రో వంతెన, కింద దాదాపు ఖాళీ తారు. సీసీఎంబీ పరిశోధనశాల దగ్గర ఒక స్తంభం నీడలో బండి ఆపుతారు. ఈ గోడల వెనక ఏడాదిగా కరోనా వైరస్ జన్యుక్రమాలు చదువుతున్నారు. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటిలో వైరస్ జాడను కొలిచి, సుమారు 35 రోజుల వ్యవధిలో 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టారు. ముక్కులో పుల్ల పెట్టించుకోని వాళ్లు కూడా ఆ లెక్కలోకి వచ్చారు. ఆ వార్త చదివిన రోజు మీరు మురిసిపోయారు. కంటికి కనపడనిదాన్ని లెక్క కట్టడం కంటే అందమైన పని మీకు ఇంకోటి లేదు.

మర్నాడే ఆన్‌లైన్ పాఠంలో వైరస్ వ్యాప్తిని గుణశ్రేఢికి ఉదాహరణగా చెప్పారు. ఒకరి నుంచి ఇద్దరికి, ఇద్దరి నుంచి నలుగురికి. పది మెట్లు ఎక్కేసరికి 1,024. ఫోనులో అన్నీ నల్ల గళ్లు. ఒక గడిలోంచి అన్నాచెల్లెళ్ల గొంతులు రెండూ వినపడుతున్నాయి, ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. ఆ చెల్లెలే అడిగింది: "సార్, సామాన్య నిష్పత్తి ఒకటి కంటే తగ్గితే?" తగ్గుతూ తగ్గుతూ పోతుందమ్మా అన్నారు. "సున్నా అవుతుందా సార్?" దగ్గరికి వస్తుంది, కానీ సున్నా అవదు అన్నారు. పాఠం ప్రకారం అది సరైన జవాబే. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. ఇంకొక మాట చెప్పి ఉండాల్సిందని మీకు అప్పట్నుంచీ అనిపిస్తూనే ఉంది.

ఈ నగరంలో ఇలా తన్నుకులాడిన లెక్కల మనిషి అంతకుముందూ ఒకడున్నాడు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు బేగంపేటలో దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శిని కింద మలేరియా పరాన్నజీవిని చూశాడు. మర్నాడు కూర్చుని కవిత రాశాడు. 1902లో నోబెల్ వచ్చింది. మహమ్మారి ఎలా వ్యాపిస్తుందో, ఎప్పుడు వెనక్కి తగ్గుతుందో చెప్పే సమీకరణాలు ఆ తర్వాతివి. 1911 నాటి ఆయన పుస్తకంలో ఉన్నాయి. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ కట్టిన నమూనా ఆ దారిలోదే, 2020లో టీవీల్లో చూసిన వక్రరేఖలు దాని వారసులే. మిమ్మల్ని ఆపేది వీటి వరస: ముందు పద్యం, తర్వాత సమీకరణం. మన పాత కవి పావులూరి మల్లనకైతే ఆ రెండూ వేరే కావు, గణితసార సంగ్రహాన్ని ఆయన తెలుగు పద్యాల్లోనే చెప్పాడు.

జేబులో ఫోను మోగింది. టీచర్ల వాట్సాప్ గుంపు. బడి మూతపడ్డాక తెలుగు మేడమ్ అందరిచేతా నానీలు రాయిస్తున్నారు. ఎన్.గోపి మొదలుపెట్టిన ప్రక్రియ అది: నాలుగు పాదాలు, 20 అక్షరాలకు తగ్గకూడదు, 25కు మించకూడదు. మిగతావాళ్లు భావం కోసం తడుముకుంటుంటే మీరు వేళ్లు మడిచారు. బయట లెక్కలేవీ మీ చేతిలో లేవు, బులెటిన్‌లో అంకెలైనా, ఖాతాలో అంకెలైనా. ఈ పాతిక అక్షరాలు మాత్రం మీవి.

రాత్రి మీరు పంపింది ఇది:

రెండు గజాల దూరం
పిల్లలకు నేర్పాను
మా అమ్మ చితికి కూడా
అదే కొలత

కిందటి నెల అమ్మను ఆస్పత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళ్లారు. పీపీఈ సూట్లు వేసుకున్న ఇద్దరు ముందు నడిచారు. మీరు దగ్గరికి పోబోతే ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు, మర్యాదగానే. ఎవరికీ చెప్పని ఆ సంగతి గుంపులో మొదటిసారి ఇలా బయటపడింది.

మేడమ్ జవాబు ఇప్పుడు వచ్చింది. "సార్, 27 ఉన్నాయి. రెండు ఎక్కువ. మీ బాధ తగ్గించమనడం లేదు, మాట తగ్గించండి."

మాస్కు కిందికి లాగి మళ్లీ లెక్కపెడతారు. ఏడు, ఏడు, ఎనిమిది, ఐదు. నిజమే. 'మా' కొట్టేస్తే 26. ఇంకా ఒకటి. అమ్మ అంటే ఎవరి అమ్మో చెప్పనక్కర్లేదు గనక ఆ 'మా' పోయినా ఫరవాలేదు. 'కూడా' దగ్గర ఆగిపోతారు. ఉప్పల్ వైపు నుంచి అంబులెన్సు కూతపెడుతూ వచ్చి హబ్సిగూడ వైపు వెళ్లిపోతుంది. 'చితికి కూడా' తీసేసి 'చితికీ' అని కొడతారు. ఆ ఒక్క దీర్ఘంలో 'కూడా' మొత్తం ఇమిడిపోయింది. 24.

పంపారు. తొమ్మిదిన్నర అవుతోంది. పదికల్లా ఉప్పల్ రింగ్‌రోడ్డు దాటకపోతే పోలీసులు ఆపుతారు. బియ్యం సంచీని పాదంతో సర్దుకుని బండి తాళం తిప్పుతుండగా ఫోను మళ్లీ మోగుతుంది.

"ఇప్పుడు సరిపోయింది సార్. ఇంకొకటి రాయండి. ఈసారి అమ్మ వంటింట్లో ఉన్నప్పటిది."