రూపాయి బిళ్ళ, ముస్తఫా, మెట్టుగూడ

సికింద్రాబాద్ మెట్టుగూడ చరిత్ర రాయబోతే కలం దానంతటదే రైలు పట్టాల మీదికి పోతుంది. నిజాం రైల్వే 1893లో లాలాగూడలో పెట్టిన వర్క్‌షాపు, దాని చుట్టూ పుట్టిన క్వార్టర్లు, వాటిలో కాపురమున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, రైల్వే ఆసుపత్రి, 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే. తార్నాక వైపు నుంచి మొదలుపెడితే ఉస్మానియా ఎదురవుతుంది. 1918లో తెరుచుకున్న విశ్వవిద్యాలయం, 1939 నాటి ఆర్ట్స్ కాలేజీ భవనం. ఇవన్నీ పెద్ద సంగతులు, వాటి గురించి రాసినవాళ్లూ ఉన్నారు. ఈ రెండు లోకాల మధ్య, రోడ్డు పక్క మడిగెల్లో 1990లలో నడిచిన వీడియో గేమ్ షాపుల గురించి రాసే ఓపిక మాత్రం ఎవరికీ కలగలేదు. వాటి ఫొటోలు కూడా దొరకడం కష్టం. స్కూలు ఎగ్గొట్టి వెళ్లిన చోట ఫొటో దిగేదెవరు?

షాపంటే పెద్ద ఏర్పాటేం కాదు. సగం దించిన షట్టరు, దాని వెనక ఒక పరదా. వెలుతురు తెర మీద పడకూడదన్నది ఒక కారణం. లోపలున్నది ఫలానా వాళ్ల పిల్లాడని రోడ్డున పోయే మేనమామకు తెలియకూడదన్నది అంతకన్నా గట్టి కారణం. లోపల మూడో నాలుగో ప్లైవుడ్డు పెట్టెలు, ఒక్కోదాంట్లో కలర్ టీవీ ట్యూబు, ముందుకు పొడుచుకొచ్చిన హ్యాండిలు, అరిగిపోయిన బటన్లు. రూపాయిస్తే గల్లా మీద కూర్చున్న అన్న టోకెనిచ్చేవాడు, లేదంటే తనే లేచొచ్చి కాయిన్ ఎక్కించేవాడు. ఆడేది ఇద్దరైతే చూసేవాళ్లు పదిమంది. "అన్నా, ఒక్క లైఫ్ ఇయ్యే" అన్న బతిమాలుడు సాయంత్రమంతా వినపడేది.

అక్కడి రాజు ముస్తఫా. ఆ ఆట అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ గీసిన 'జెనోజోయిక్ టేల్స్' కామిక్స్ ఆధారంగా జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1993లో దాన్ని విడుదల చేసింది. అందులో నలుగురు వీరులున్నారు. కథానాయకుడు జాక్ టెన్రెక్, కానీ మన పిల్లలు అతన్ని పట్టించుకోలేదు. టోపీ పెట్టుకుని, పరుగెత్తుకొచ్చి కాలితో తన్నే ముస్తఫా కైరో వాళ్లకు నచ్చాడు. నచ్చడానికి వేగం ఒక కారణమైతే పేరు ఇంకో కారణం. తెర మీద కనిపించే విదేశీ మొహాల నడుమ, గల్లీలో పిలిచినట్టుండే పేరు అదొక్కటే. చివరికి ఆటకే 'ముస్తఫా గేమ్' అన్న పేరు స్థిరపడింది, హైదరాబాదులోనే కాదు, దేశంలో చాలా చోట్ల. ఆ ఊపులోనే 1996లో 'ప్రేమదేశం' సినిమా వచ్చింది. అందులో ఇదే పేరుతో ఉన్న స్నేహం పాట కాలేజీ వార్షికోత్సవాలన్నిటికీ పాకింది. హాస్టల్ కుర్రాళ్లకు ముస్తఫా పాట, క్వార్టర్ల పిల్లలకు ముస్తఫా ఆట. గేమ్ షాపులో రెండూ కలిసేవి.

ముస్తఫా ఒక్కడే కాదు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2, అదే ఏడాది వచ్చిన కెప్టెన్ కమాండో, మంచు ముద్దలు దొర్లించే స్నో బ్రోస్ కూడా ఉండేవి. ఇన్ని ఆటలు చిన్న మడిగెలోకి రావడానికి వెనక ఒక సాంకేతిక వెసులుబాటుంది. 1980ల మధ్యలో జపాన్ యంత్రాల తయారీదార్ల సంఘం 'జమ్మా' ఒకే కొలత కనెక్టరును ఖాయం చేసింది, 56 పిన్నులది. పెట్టె అదే, తెర అదే, లోపలి బోర్డు పీకి ఇంకోటి గుచ్చితే కొత్త ఆట. మన దగ్గర నడిచినవాటిలో కంపెనీ బోర్డుల కంటే నకళ్లే ఎక్కువ. అందుకే ఒక షాపులో ఆడిన ఆటకూ పక్క గల్లీలో అదే ఆటకూ తేడాలుండేవి. ఒకచోట శబ్దాలు మారిపోయేవి, ఇంకోచోట శత్రువులు పిచ్చిగా మీద పడేవాళ్లు.

ఈ వ్యాపారం కీలకమంతా ఆ రూపాయిలో ఉంది. కొత్తగా నేర్చుకునేవాడు నిమిషంలో ఔటై ఇంకో రూపాయి తీస్తాడు. వాడే లక్ష్మి. చేయి తిరిగినవాడు ఒక్క రూపాయితో ఎనిమిది స్టేజీలూ దాటి ఆఖరి బాసును పడగొట్టేదాకా మెషీను వదలడు. చుట్టూ మూగినవాళ్లకు అతను హీరో, యజమానికి మాత్రం నష్టం. దానికి మందు బోర్డు మీదే ఉండేది. 'డిప్ స్విచ్' అనే చిన్న మీటల వరస అది. వాటిని అటూ ఇటూ జరిపితే ఆట కష్టమవుతుంది, లైఫులు తగ్గుతాయి. నిన్న తేలిగ్గా చచ్చిన బాసు ఇవాళ లొంగకపోతే "అన్న సెట్టింగ్ మార్చిండు రా" అని పిల్లలకు ఇట్టే అర్థమయ్యేది. అయినా ఆడేవాళ్లు. ఇద్దరి మధ్యా ఇదొక ఒప్పుకోలు యుద్ధం.

అమెరికాలో ఇలాంటి జ్ఞాపకాలు ఎక్కువగా పిన్‌బాల్ చుట్టూ తిరుగుతాయి. మన వీధుల్లో అది వేళ్లూనలేదు. బరువైన యంత్రం, కదిలే భాగాలు అనేకం, పాడైతే బాగుచేసే మనిషి దొరకడు. మనకు తెలిసిన దాని బంధువు, పలక మీద మేకుల మధ్య గోళీలు దొర్లించే పిల్లల బోర్డు. కానీ పిన్‌బాల్ కథలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. అది జూదమేనంటూ న్యూయార్క్ నగరం 1940లలో నిషేధించి, 1976 దాకా ఎత్తలేదు. రోజర్ షార్ప్ అనే పాత్రికేయుడు నగర కౌన్సిల్ సభ్యుల ముందు ఆడి చూపించి, బంతి ఎటు పోతుందో ముందే చెప్పి, ఇది నేర్పు అని ఒప్పించాల్సి వచ్చింది.

నేర్పా, అదృష్టమా అన్న తగవులో సికింద్రాబాద్ అంతకన్నా ముందుంది. ఇక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్లను 1963లో పోలీసులు పట్టుకుంటే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనని కోర్టు 1967లో తేల్చింది. వీడియో గేముల వంతు 1995లో వచ్చింది. కర్ణాటక పార్లర్ల కేసులో అదే కోర్టు, వీటికి లైసెన్సు అడిగే హక్కు ప్రభుత్వానికుందని చెప్పింది. యజమాని యంత్రాన్ని తనకు అనుకూలంగా మార్చుకోగలడన్న అనుమానం కూడా ఆ తీర్పులో ఉంది. డిప్ స్విచ్ గురించి పిల్లలు అన్న మాటే అది, కాస్త గంభీరమైన భాషలో. పళ్ల బొమ్మలు తిరిగే డబ్బు మెషీన్లు పెట్టినవాళ్ల పాపం ముస్తఫా షాపులకూ చుట్టుకుంది. పోలీసు జీపు కనబడితే పరదా వెనక అలజడి.

షాపులో ఒక కొరత ఉండేది. ఆడపిల్లలు దాదాపు రాలేదు. అది మగపిల్లల రాజ్యం. ఊరి పిల్లలందరి బాల్యం అక్కడ గడిచిందని ఎవరైనా రాస్తే, సగం ఊరిని వదిలేసి రాసినట్టే.

పతనం ఒక్క దెబ్బతో రాలేదు. మొదట ఇంట్లో టీవీకి తగిలించుకునే మీడియా, లిటిల్ మాస్టర్ డబ్బాలొచ్చాయి. వాటితో కాంట్రా, మారియో, రోడ్ ఫైటర్ నట్టింట్లోకి వచ్చేశాయి. 1997లో 'మేమ్' అనే సాఫ్ట్‌వేర్ పుట్టాక పాత బోర్డుల ఆటలు కంప్యూటర్లో ఆడటం సాధ్యమైంది. రూపాయి రూపాయి పోసిన ముస్తఫా సీడీలోకి ఎక్కి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల నుంచి ఇళ్లకు చేరాడు. కాయిన్లు లెక్కలేనన్ని, ఒక్క మీట నొక్కితే చాలు. తరువాత తార్నాక నెట్ సెంటర్లలో క్యాంపస్ కుర్రాళ్లు వరసగా కూర్చుని కౌంటర్ స్ట్రైక్ మొదలుపెట్టారు. అద్దెలు పెరుగుతుంటే ఆట ధర రూపాయి, రెండు రూపాయల దగ్గరే ఆగిపోయింది. మడిగె యజమానికి ఎస్టీడీ బూతో, జిరాక్సు సెంటరో, ఆ తర్వాత సెల్‌ఫోన్ రీఛార్జి షాపో అంతకన్నా మేలనిపించింది.

ఇప్పటి కుర్రాళ్లు ఈ మార్పు నేరాన్ని మెట్రో మీద వేస్తారు. నాగోలు నుంచి మెట్టుగూడ దాకా ఎనిమిది కిలోమీటర్లు తొలి విడతగా కట్టి, 2014లోనే రైలును పరీక్షగా నడిపారు. ప్రయాణికులు ఎక్కింది 2017 నవంబరు 29న. పిల్లర్ల కోసం, రోడ్డు వెడల్పు కోసం ముందు వరస కట్టడాలు పోయిన మాట నిజం. అయితే అప్పటికే గేమ్ షాపులు మూతపడి చాలా ఏళ్లయింది. మెట్రో కూల్చినవాటిలో అవి లేవు.

పెద్ద యంత్రాలు ఈలోగా నెక్లెస్ రోడ్డు వైపు తరలిపోయాయి. 2003లో తెరిచిన ప్రసాద్స్ ఐమాక్స్ లాంటి చోట్ల సినిమాతో పాటు గేమింగ్ జోన్ కూడా వచ్చింది. అక్కడ అమ్మానాన్నలే వెంటపెట్టుకెళ్తారు, పరదా అక్కర్లేదు. ఈ ఆటల పుట్టిల్లయిన జపాన్‌లోనే సేగా కంపెనీ 2020 చివర్లో తన ఆర్కేడ్ల వ్యాపారంలో ఎక్కువ వాటా అమ్మేసింది.

ఇవాళ నగరంలో ప్లేస్టేషన్లు పెట్టి గంట లెక్కన డబ్బు తీసుకునే గేమింగ్ సెంటర్లున్నాయి. సోఫాలు, ఏసీ, పెద్ద తెరలు. అక్కడ చేయి తిరిగినవాడిని చూసి యజమాని భయపడనక్కర్లేదు, గెలిచినా ఓడినా గంటకు గంటే. ఎవరి గంట వాళ్లది కనుక చూడ్డానికి నిలబడే జనమూ ఉండరు. మెట్టుగూడ గేమ్ షాపులో జేబులో రూపాయి లేనివాడు కూడా వెనక నిలబడి, ఏ బాసు ఎటు దూకుతాడో, ఎప్పుడు వెనక్కి జరగాలో చూసి నేర్చుకుని, రూపాయి దొరికిన రోజు నేరుగా మూడో స్టేజీ దాకా వెళ్లిపోయేవాడు.