పల్లేరు: కాలికి తెలిసిన మొక్క, మనం తెలుసుకోవలసిన మొక్క



రెండేళ్ళ క్రితం దసరా సెలవులకు ఇంటికి బయలుదేరే ముందు మా హాస్టల్ పిల్ల ఒకతె, మందస వైపు అమ్మాయి, ఆవరణ అంచున కూర్చుని పల్లేరు మొక్కలు వేళ్ళతో సహా పీకి సంచిలో నింపుకుంటూ కనిపించింది. ఎందుకే అని అడిగాం. "నాన్నకి కిడ్నీ పాడైందన్నారు మేడం. ఇది కాచి తాగితే బాగైపోద్దని ఫోన్‌లో వచ్చింది. మా ముసలమ్మ కూడా పల్లేరు మంచిదే అంటది" అంది.

ఆ రోజు "ముందు డాక్టరుకు చూపించండి" అని మాత్రమే చెప్పగలిగాం. ముసలమ్మ మాట తప్పని అనలేకపోయాం, నిజమని కూడా అనలేకపోయాం. తర్వాత ఈ మొక్క గురించి చదివాం, పెద్దలను అడిగాం. ఆ పిల్లకు ఇవ్వలేకపోయిన జవాబు మీ అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

పల్లేరును మన కళ్ళకంటే ముందు మన కాళ్ళు గుర్తుపడతాయి. నాలుగు వానలు పడగానే మొలిచి, నడిమి వేరు నుంచి నాలుగు వైపులా కొమ్మలు చాచి, నేలకు చాపలా అతుక్కుని పాకుతుంది. కొమ్మలకూ ఆకులకూ తెల్లటి నూగు ఉంటుంది. చింతాకులా చిన్న చిన్న రేకులతో ఉండే ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ఆ జతలో ఒక ఆకు పెద్దది, ఒకటి చిన్నది. చిన్న ఆకు మొదట్లోంచి ఒంటరిగా పసుపుపచ్చని పువ్వు వస్తుంది. ఐదు రేకులు, పది కేసరాలు. పొద్దున విచ్చుకున్న పువ్వు ఎండ ముదిరాక రాలిపోతుంది. కాయ పండి ఎండితే ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్ళు, రెండు చిన్న ముళ్ళు. ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. లోపలి గింజలన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని మట్టిలో ఏళ్ళ తరబడి ఆగుతాయి. అందుకే ఒక ఏడు పీకేసినా మరో ఏడు మళ్ళీ వస్తుంది.

దీనికి ఎండ కావాలి, వదులు నేల కావాలి, నీడ పనికిరాదు. అందుకే కొండమీద గుబురు అడవిలో కన్నా కింద ఎక్కువ కనిపిస్తుంది. ఉద్దానం ఇసుక నేలల్లో కొబ్బరి, జీడితోటల మధ్య ఖాళీల్లో, పలాస రైలుకట్ట పక్కన, టెక్కలి చుట్టుపక్కల మెట్ట పొలాల గట్ల మీద, సంత జరిగే మైదానాల్లో చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి తోటలను నేలకూల్చింది. అలా నీడ పోయిన నేల పల్లేరు లాంటి మొక్కలకు అనువుగా మారుతుంది. పాడుబడిన చోటు గురించి చెప్పేటప్పుడు పల్లేరు మొలిచిందనడం మన వాడుకలో ఉంది. ఆ మాట ఉత్తినే పుట్టలేదు.

ఈ మొక్క గాలికి ఎగరదు. పశువుల గిట్టలకు, మన చెప్పులకు, ఇప్పుడైతే టైర్లకు గుచ్చుకుని ప్రయాణం చేస్తుంది. మన దేశం, ఆఫ్రికా, మధ్యధరా తీరం దీని పాత ఇళ్ళు. మనుషుల వెంట అమెరికా చేరాక అక్కడ సైకిల్ టైర్లు చిల్లులు పొడిచి 'పంక్చర్ వైన్' అని పేరు తెచ్చుకుంది. దాన్ని అదుపు చేయడానికి 1961లో అమెరికా వాళ్ళు రెండు రకాల ముక్కుపురుగులను ఇటలీ నుంచి తెచ్చి వదిలారు. ఒకటి గింజను తింటుంది, ఇంకోటి కాండాన్ని తొలుస్తుంది. ఆ పురుగులు మన దేశంలోనూ ఉన్నాయి. ఇక్కడ పల్లేరుకు శత్రువులూ ఉన్నారు, వాడుకునే మనుషులూ ఉన్నారు. అక్కడ రెండూ లేక అది కేవలం కలుపుగా మిగిలింది.

ఇక పేర్ల చరిత్ర. చరకసంహితలో మూత్రం జారీ చేసే పది మూలికల వర్గం ఒకటుంది. అందులో దీని పేరు శ్వదంష్ట్ర, అంటే కుక్క కోర. గోక్షురం అనే పేరుతో దశమూలాల్లోనూ ఇది ఒకటి. తమిళులు నెరుంజి అంటారు. సంగం కాలపు కవితల్లోనే ఈ పువ్వు అందమూ ముల్లు బాధా రెండూ ఉన్నాయి. గ్రీకులు మూడు మొనలదని పిలిచిన మాట నుంచి శాస్త్రనామంలోని మొదటి భాగం వచ్చింది. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో 'త్రిబ్యులస్ టెరెస్ట్రిస్' అని ఖాయం చేశాడు.

మన తీరం మొక్కలను పుస్తకాలకెక్కించిన వాళ్ళలో ముఖ్యుడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ మొక్కలు సేకరించాడు. 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే ఆయన పుస్తకం 1795లో మొదలై మూడు సంపుటాల్లో 300 బొమ్మలతో వచ్చింది. చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ పేర్లు ఆయనకు ఎవరు చెప్పారు? ఆకులు ఏరిపెట్టినవాళ్ళు, పశువులు కాచేవాళ్ళు, నాటువైద్యులు చెప్పి ఉంటారు. బొమ్మలు గీసిన మన దేశపు చిత్రకారుల పేర్లు కూడా ఆ బొమ్మల మీద లేవు. తెలిసినవాళ్ళు ఒకరు, రాసుకున్నవాళ్ళు ఇంకొకరు. రాసినవాళ్ళ పేరే నిలిచింది.

దీనికి ఎదురు ఉదాహరణ మన ప్రాంతంలోనే ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర మాట్లాడేవారి దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి పాటుపడ్డారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. 1936లో మంగయి గొమాంగో సవర భాషకు సొంత లిపినే తయారుచేశారు. మన మాట మనం రాసుకుంటేనే మనదిగా నిలుస్తుందని వాళ్ళ పని చెబుతోంది.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకు వద్దాం. మూత్రంలో మంట ఉంటే పల్లేరు కాయలు కాచి ఇవ్వడం మన పెద్దలకు తెలిసిన వైద్యం. చరకుడు రాసినదీ అదే దారి. కానీ ఇక్కడ మూడు సంగతులు గమనించాలి.

మొదటిది, పల్లేరు అనే పేరుతో రెండు మొక్కలున్నాయి. ఏనుగు పల్లేరుకు కూడా పచ్చటి పువ్వే పూస్తుంది. కానీ అది నువ్వు కుటుంబానికి చెందిన మొక్క. పువ్వు గొట్టంలా ఉంటుంది, కాయకు నాలుగు పలకలు, అడుగున ముళ్ళు. దాని పచ్చి కొమ్మను నీళ్ళలో తిప్పితే నీళ్ళు జిగురుగా చిక్కబడతాయి. చిన్న పల్లేరుకు ఆ గుణం లేదు. ఫోన్‌లో వచ్చిన సందేశం ఏ పల్లేరో చెప్పదు.

రెండోది, మూత్రంలో మంట వేరు, కిడ్నీ పనిచేయకపోవడం వేరు. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాలను పీడిస్తున్న జబ్బు మంటతో రాదు. చాలాకాలం ఏ గుర్తూ చూపించదు. ఇదీ కారణమని ఒక్కటి ఇప్పటికీ తేలలేదు. కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఒంట్లోంచి పొటాషియం సరిగా బయటకు పోదు. మొక్కల కషాయాల్లో అది ఉంటుంది. పొటాషియం పేరుకుంటే గుండె ఆగే ప్రమాదముంది. ఇరాన్‌లో కిడ్నీలో రాళ్ళు రాకుండా ఉంటుందని పల్లేరు కషాయం తాగిన ఆరోగ్యవంతుడైన యువకుడికి కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రిలో చేరిన కేసును 2010లో ఒక వైద్య పత్రిక ప్రచురించింది. ఒక్క కేసుతో పల్లేరు విషమని అనలేం. కానీ కిడ్నీ జబ్బుకు మందని అనడానికి అసలు ఆధారమే లేదు.

మూడోది జిమ్‌కు వెళ్ళే తమ్ముళ్ళ కోసం. కండలు పెంచుతుందని దీని మాత్రలు అమ్ముతున్నారు. 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాళ్ళకు ఐదు వారాలు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళకూ వీళ్ళకూ బలంలో తేడా కనబడలేదు.

అంటే ముసలమ్మ చెప్పింది అబద్ధం కాదు. ఆమె ఒక బాధకు చెప్పిన మందును ఫోన్ ఇంకో జబ్బుకు అంటగట్టింది. పెద్దల జ్ఞానంలో ఏ మొక్క, ఏ భాగం, ఏ బాధకు, ఎంత, ఎవరికి ఇవ్వకూడదు అన్నవి కూడా ఉంటాయి. ఆ వివరాలు రాలిపోయి పేరు ఒక్కటే మిగిలితే అది జ్ఞానం కాదు, పుకారు.

అందుకే మీకు రెండు పనులు అప్పగిస్తున్నాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఊరి మొక్కల పేర్లు సవరలోనో, మీ ఇంటి భాషలోనో అడిగి రాయండి. చెప్పినవారి పేరు పక్కనే రాయండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల స్థాయిలో జీవవైవిధ్య కమిటీ, ప్రజల జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో అడగండి, మీరు రాసింది అందులోకి ఎక్కించండి. రెండో పని, ఇంట్లో పెద్దవాళ్ళకు ఏడాదికోసారైనా రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. మన వాకిట్లో ఉన్నదాన్ని మనమే వాడుకోకపోతే ఎలా?

ఆ పిల్ల తండ్రి పరీక్షలు చేయించుకున్నాడు. ఇప్పుడు డయాలసిస్‌కు వెళ్ళి వస్తున్నాడు. కషాయం తాగలేదు. పిల్ల మాత్రం పల్లేరును వదల్లేదు. నోటుబుక్కులో బొమ్మ వేసి, ముసలమ్మ చెప్పిన పేరు, ఆమె దాన్ని దేనికి ఇచ్చేదో, దేనికి ఇవ్వదో అన్నీ రాసింది. కింద ముసలమ్మ పేరు, ఊరి పేరు ఉన్నాయి. రాక్స్‌బర్గ్ పుస్తకంలో లేనిది అదే.